పక్కకి ఒత్తిగిల్లితే గది తిరుగుతోందంటున్న అమ్మ, ఎప్లీ ఇంట్లో చేయొచ్చా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా అమ్మ విషయంలో సలహా కావాలి. అమ్మకి 62 ఏళ్లు, నాన్నగారితో తెనాలిలో ఉంటుంది, నేను పూణేలో ఉద్యోగం. దసరా వెళ్లిన దగ్గర్నుంచి ఇదే గొడవ. పొద్దున మంచం మీంచి లేవబోయినా, రాత్రి కుడి పక్కకి ఒత్తిగిల్లినా గది మొత్తం గిర్రున తిరుగుతోందంటుంది. అర నిమిషం ఉంటుందేమో, కళ్లు మూసుకుని మంచం పట్టె గట్టిగా పట్టుకుంటే తగ్గిపోతుంది, కానీ వికారం మాత్రం మధ్యాహ్నం దాకా వదలదు. అటక మీద డబ్బా తీయడానికి తల పైకెత్తితే మళ్లీ అదే. కదలకుండా కూర్చున్నంతసేపూ ఏమీ ఉండదు.

దగ్గర్లో ఉన్న డాక్టరు బీపీ, షుగరు చూశారు, బాగానే ఉన్నాయి. మెడ ఎక్స్‌రే తీయించి అరిగింది, స్పాండిలైటిస్ అన్నారు. మెడకి కాలర్, వర్టిన్ మాత్రలు. మాత్ర వేసుకుంటే మత్తుగా పడుకుంటోంది తప్ప పక్కకి తిరిగితే తిరగడం మామూలే. ఇంకొకాయన ఎమ్మారై తీద్దాం అన్నారు. ఈలోగా మా చెల్లి ఏదో వీడియో పంపింది, ఎప్లీ అట, తలని అటూ ఇటూ తిప్పి లేపితే ఐదు నిమిషాల్లో పోతుందట. నాన్నగారు ఇవాళే చేసేద్దాం అంటున్నారు. నాకేమో టెన్షన్, మెడ పట్టేస్తే ఏంటి పరిస్థితి అని. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

నల్గొండ_బుల్లెట్:
అన్నా, సేమ్ టు సేమ్ మా అత్తమ్మకి. మా ఊళ్లో సగం మంది పైత్యం అన్నారు, నిమ్మకాయ నీళ్లు తాగించారు. మిగిలిన సగం దిష్టి అన్నారు, ఎండు మిరపకాయలు తిప్పారు. చివరికి నల్గొండలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే బల్ల మీద గబుక్కున పడుకోబెట్టి తల ఒక పక్కకి తిప్పాడు, అత్తమ్మ అరిచిన అరుపుకి బయట కూర్చున్న పేషెంట్లు లేచి నిలబడ్డారు. కాసేపు అటు తిప్పి ఇటు దొర్లించి లేపాడు. అంతే, ఆ రాత్రి హాయిగా పడుకుంది.

నాదొక డౌటు. చెవిలో రాళ్లు జారాయి అన్నాడు డాక్టరు. అప్పట్నుంచి మా మామ, నువ్వు తమలపాకుకి సున్నం దట్టంగా పూసుకుంటావు, అదే పోయి చెవిలో రాయి కట్టింది అని ఆమెతో రోజూ కొట్లాట. నిజమేనా ఇది?

ఫిజియో_వరంగల్:
బుల్లెట్ గారూ, మీ అత్తమ్మని ఆకు వక్క ప్రశాంతంగా వేసుకోనివ్వండి. (పొగాకు ఉంటే అది వేరే గొడవ.) ఆ సున్నానికీ ఈ రేణువులకీ సంబంధం లేదు. అవి కిడ్నీలో రాళ్లలాగా కొత్తగా పుట్టినవి కావు, పుట్టినప్పట్నుంచీ మన అందరి చెవిలో ఉండేవే. లోపలి చెవిలో యూట్రికిల్ అని చిన్న సంచి ఉంటుంది, దాంట్లో జిగురు పొర మీద క్యాల్షియం కార్బొనేట్ రేణువులు పరుచుకుని ఉంటాయి, కంటికి కనపడనంత సన్నం. మనం ముందుకి కదిలామా, తల వంచామా అన్నది మెదడుకి తెలిసేది వాటి బరువు వల్లే. వయసు మీద పడి, లేదా తలకి దెబ్బ తగిలి, ఒక్కోసారి జబ్బుచేసి చాలా రోజులు మంచం పట్టినా, వాటిలో కొన్ని ఊడి పక్కనే ఉన్న మూడు వంపు గొట్టాల్లో ఒకదాంట్లోకి జారతాయి. ఆ గొట్టాలు తల తిరగడాన్ని కొలిచేవి. రేణువులు లోపల కదిలితే గొట్టంలో నీరు కదులుతుంది, తల ఆగిపోయినా ఇంకా తిరుగుతూనే ఉంది అని మెదడుకి తప్పుడు కబురు పోతుంది. రేణువులు అడుగుకి చేరి ఆగగానే తిరగడం ఆగుతుంది, అందుకే నిమిషం లోపే అయిపోతుంది. దీన్ని బీపీపీవీ అంటారు.

కృష్ణాతీరం గారూ, మీరు రాసింది చదివితే అదే అనిపిస్తోంది, కానీ రాసింది చదివి ఎవరూ ఖాయం చేయకూడదు, నేనూ చేయను. ఎప్లీ అంటే చేతిలో పట్టుకుని వంచుతూ గోలీని దారుల్లోంచి బయటకి తెచ్చే ఆటబొమ్మ ఉంటుంది చూడండి, అదే పని తలతో చేయడం. ఏ దారిలో ఉందో తెలియకుండా బొమ్మని ఊపితే ఏమవుతుందో మీకే తెలుసు. ముందు తెలియాల్సింది రెండు సంగతులు: ఏ చెవి, ఆ చెవిలో ఏ గొట్టం. ఎక్కువ మందికి వెనక గొట్టం, అంటే పోస్టీరియర్ కెనాల్. దానికే ఎప్లీ. పక్క గొట్టంలో ఉంటే ఎప్లీ ఎన్ని సార్లు చేసినా లాభం లేదు, దానికి వేరే పద్ధతి. వీడియో చూసి మొదలుపెట్టిన వాళ్లు మా దగ్గరకి వచ్చి ఎప్లీ పనిచేయదండీ అంటే నేను మొదట అడిగేది, ఏ పక్కకి చేశారు అనే. చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

రాత్రి_షిఫ్ట్:
అందరూ ఎప్లీ ఎప్లీ అంటున్నారు గానీ, మా నాన్నకి ఇదే వస్తే స్టుజెరాన్ వాడారు, కొన్ని వారాల్లో పోయింది. తల తిప్పలేదు, మెడ విరవలేదు. పెద్దవాళ్లని పట్టుకుని మంచం మీద కుస్తీ పట్టడం నాకైతే నచ్చలేదు. ఇప్పుడు ప్రతి దానికీ ఒక వీడియో, ప్రతి ఇంట్లో ఒక డాక్టరు.

చెవిముక్కుగొంతు:
విశాఖలో ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముక్కలు ముక్కలుగా ఉంటే సర్దుకోండి.

రాత్రి షిఫ్ట్ గారూ, మీ నాన్నగారికి తగ్గడం నిజం, కానీ మాత్ర వల్ల తగ్గిందని చెప్పలేం. బీపీపీవీ చాలామందికి దానంతటదే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. బీటాహిస్టిన్ (అంటే వర్టిన్) అయినా సిన్నరిజిన్ (అంటే స్టుజెరాన్) అయినా స్టెమెటిల్ అనే వాంతుల మాత్ర అయినా గొట్టంలో జారిన రేణువుని ఒక్క పిసరు కూడా కదపలేవు. మహా అయితే వికారాన్నో తిరుగుడునో కాస్త అణుస్తాయి, అంతవరకే. వాంతులు మరీ ఎక్కువగా ఉన్న మనిషికి ఎప్లీ చేసే ముందు ఒక మాత్ర ఇస్తాం, అది వేరు. నెలల తరబడి మత్తు మాత్రల మీద ఉంచితే పెద్దవాళ్లు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు, తల తిరుగుడు కంటే అది పెద్ద కష్టం. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2017లో సవరించిన మార్గదర్శకాల్లో కూడా బీపీపీవీకి ఇలాంటి మందులు మామూలుగా రాయొద్దనే ఉంది. వేరే లక్షణాలు లేకపోతే స్కాన్లు కూడా అక్కర్లేదని అందులోనే ఉంది.

మెడ అరుగుదల సంగతి. 60 దాటిన వాళ్లలో దాదాపు ఎవరికి మెడ ఎక్స్‌రే తీసినా అరుగుదల కనపడుతుంది. అది ఉంది కాబట్టి తల తిరుగుడు దానివల్లే అనుకోవడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. పడుకుని పక్కకి తిరిగితే గిర్రున తిరిగి నిమిషంలో ఆగేది మెడ సమస్య కాదు, చాలావరకు చెవి సమస్యే. కాలర్ వల్ల ఒరిగేది లేదు.

ఇక పరీక్ష. పేరు డిక్స్ హాల్‌పైక్. కూర్చోబెట్టి తల 45 డిగ్రీలు ఒక పక్కకి తిప్పి, అలాగే వేగంగా వెనక్కి పడుకోబెడతాం, తల బల్ల అంచు దాటి కాస్త కిందికి వాలేలా. వెనక గొట్టంలో రేణువులు ఉంటే కొన్ని సెకన్లు ఆగి కళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది, పైకి ఎగురుతూ, కింద ఉన్న చెవి వైపు మెలి తిరుగుతూ. కాసేపటికి అదే ఆగుతుంది. మేం చూసేది ఆ కళ్లనే. రోగి తల తిరిగింది అని చెప్పడం సగమే, మిగతా సగం కళ్లు చెబుతాయి. అందుకే పరీక్షప్పుడు ఎంత భయమేసినా కళ్లు తెరిచే ఉంచమని అమ్మగారికి ముందే చెప్పండి.

ఇంకొకటి, ఇది అందరూ చదవాలి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనపడినా, మింగుడు పడకపోయినా, ఒక చేయో కాలో పట్టు తప్పినా, నిలబడితే ఒక పక్కకి ఒరిగిపోతున్నా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, లేక కదలకుండా పడుకున్నా గంటల తరబడి తిరుగుతూనే ఉన్నా అది ఎప్లీ చేసే కేసు కాదు. వీడియోలు చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం కూడా తల తిరుగుడుగా మొదలవ్వొచ్చు.

కృష్ణాతీరం:
చాలా చాలా థాంక్స్. అమ్మని ఫోన్‌లో అడిగాను. ఎడమ పక్కకి తిరిగితే ఏమీ లేదు, కుడి పక్కకే. వినికిడి బాగానే ఉంది, చెవిలో హోరు లేదు. మాట, నడక అన్నీ మామూలే. ఒక్క విషయం, మెడ పక్కలకి తిరుగుతుంది కానీ వెనక్కి ఎక్కువ వంగదు. రేపు గుంటూరులో ఈఎన్‌టీ దగ్గర చూపిస్తున్నాం. అయినా నాన్నగారు పద్ధతి మాత్రం తెలుసుకుంటానంటున్నారు, రిటైర్డ్ లెక్కల మాస్టారు, డిగ్రీలతో సహా కావాలట.

ఫిజియో_వరంగల్:
మాస్టారు గారికి నమస్కారాలు. కుడి చెవి, వెనక గొట్టం అని డాక్టరు తేల్చిన తర్వాతే ఇది. ఎడమ అయితే అన్నీ తారుమారు.

మంచం మీద కాళ్లు చాపి కూర్చోవాలి. పడుకున్నప్పుడు భుజాల కిందకి వచ్చేలా ముందే ఒక దిండు పెట్టాలి, తల కిందకి కాదు, భుజాల కిందకి, అప్పుడే తల వెనక్కి వాలుతుంది. నవారు మంచం అయితే మధ్యలో గుంట పడుతుంది, గట్టి పరుపో బల్లో వాడండి. తల కుడి వైపు 45 డిగ్రీలు తిప్పి అదే కోణంలో వెనక్కి పడుకోబెట్టాలి. ఇక్కడ తల తిరుగుతుంది, తిరిగితే కంగారు పడొద్దు. అది ఆగాక ఇంకో అర నిమిషం అలాగే ఉంచండి. తల పైకెత్తకుండా ఎడమ వైపుకి 90 డిగ్రీలు తిప్పండి, మళ్లీ అంతసేపు ఆగండి. ఆ తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకి దొర్లాలి, దాంతో పాటు తల ఇంకో 90 డిగ్రీలు తిరిగి ముక్కు నేలని చూడాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, మొహం గోడని చూస్తుంటే చాలదు, నేలని చూడాలి. అంతసేపు ఆగి, గడ్డం ఛాతీకి దగ్గరగా పెట్టుకుని ఎడమ పక్క నుంచే కాళ్లు దించి లేచి కూర్చోవాలి. లేచిన క్షణంలో ఎవరో తోసినట్టు ముందుకో వెనక్కో పడబోవడం కద్దు, కాబట్టి మాస్టారు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకోవాలి. వెంటనే బాత్రూంకి నడిపించొద్దు.

మెడ వెనక్కి వంగదన్నారు కాబట్టి అమ్మగారికి మొదటిసారి మాత్రం ఇంట్లో వద్దు. మెడ ఆపరేషన్ అయినవాళ్లు, మెడ నుంచి చేతుల్లోకి తిమ్మిరి దిగేవాళ్లు, కంటి రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవాళ్లు కూడా డాక్టర్ని అడక్కుండా చేసుకోవద్దు.

పాతకాగితాలు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నాకు వైద్యం రాదు గానీ వైద్య చరిత్ర పిచ్చి. ఈ తల తిరుగుడుని 1921లో స్పష్టంగా వర్ణించినవాడు రాబర్ట్ బారానీ. లోపలి చెవి మీద పనికే ఆయనకి 1914 నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వాళ్ల చేతికి చిక్కి ఖైదులో ఉన్నాడు. పైన డాక్టరు గారు చెప్పిన పరీక్షని డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లో లండన్‌లో రాశారు. అంటే జబ్బు తెలుసు, పరీక్ష తెలుసు, కానీ వైద్యం? ఏళ్ల తరబడి రోగికి చెప్పింది ఆ పక్కకి పడుకోకు అనే. మరీ లొంగని వాళ్లకి 1970ల్లో ఆ గొట్టానికి వెళ్లే సన్నని నరాన్ని కోసే ఆపరేషన్ కూడా చేశారు.

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉండే జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు, కోత లేకుండా తల తిప్పి పంపించొచ్చు అంటే తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు. ఆయన వ్యాసం పత్రికలో అచ్చయింది 1992లో. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నది అదే. ఈలోపు 1988లో ఫ్రాన్స్‌లో సెమాన్ అనే ఆయన ఇంకో పద్ధతి ప్రకటించాడు, ఫిజియో గారు సంతోషిస్తారు, ఆయన డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టే.

ఫిజియో_వరంగల్:
సంతోషించాను :)

ఓహాయో_వదిన:
ఇక్కడ కొలంబస్‌లో ఉంటాం. నాకు రెండో కాన్పు తర్వాత వచ్చింది. ఇక్కడ తల తిరుగుడుకే ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న ఫిజియోలు ఉంటారు, కళ్లకి నల్లటి గాగుల్స్ లాంటిది పెట్టి లోపల కెమెరాతో కనుపాప ఎటు కొట్టుకుంటోందో తెర మీద చూపించింది ఆవిడ. అది చూశాక నమ్మకం కుదిరింది. మళ్లీ వస్తే ఒంటరిగా చేసుకోవడానికి హాఫ్ సోమర్‌సాల్ట్ నేర్పింది, కొలరాడో యూనివర్సిటీలో కారల్ ఫాస్టర్ అనే డాక్టరు 2012లో ప్రకటించింది. మోకాళ్ల మీద కూర్చుని నమాజులో లాగా తల నేలకి ఆనించి, తల జబ్బు చెవి వైపు తిప్పి, వీపు ఎత్తుకి లేపి, తర్వాత నిటారుగా లేవడం. మంచం అక్కర్లేదు, పట్టుకునే మనిషి అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకి మాత్రం కుదరదు, అంటే మన అమ్మల్లో సగం మందికి కుదరదు.

ఒక్క సలహా, చేయించుకున్నాక రెండు రాత్రులు కూర్చునే నిద్రపోవాలి, లేకపోతే రేణువులు మళ్లీ వెనక్కి జారతాయి. మా అక్కకి హైదరాబాద్‌లో అలాగే చెప్పారు.

చెవిముక్కుగొంతు:
వదిన గారూ, పాత రోజుల్లో అందరం అదే చెప్పేవాళ్లం, ఇప్పటికీ కొందరు చెబుతారు. 2017 మార్గదర్శకాలు మాత్రం ఎప్లీ తర్వాత పడక ఆంక్షలు పెట్టొద్దనే అంటున్నాయి. 62 ఏళ్ల మనిషిని రెండు రాత్రులు కుర్చీలో కూర్చోబెడితే మూడో రోజు నడుం పట్టుకుని వస్తారు.

రాత్రి_షిఫ్ట్:
సరే డాక్టర్ గారూ, దానంతటదే తగ్గుతుందని మీరే అన్నారు కదా. మరి ఎప్లీ వల్ల తగ్గిందని మాత్రం ఎలా చెబుతారు? మాత్రకి ఒక న్యాయం, తల తిప్పడానికి ఒక న్యాయమా?

చెవిముక్కుగొంతు:
న్యాయమైన ప్రశ్న. దానికే పోల్చి చూసిన పరీక్షలు చేశారు, కొందరికి అసలు ఎప్లీ, కొందరికి ఎప్లీలాగే కనిపించే ఉత్తుత్తి కదలిక లేదా వేరే ఏదో. అలాంటివి కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2014లో వచ్చింది. పోలికకి పెట్టుకున్న వాళ్లలో 21 శాతానికి తల తిరుగుడు పూర్తిగా పోతే, ఎప్లీ చేసిన వాళ్లలో 56 శాతానికి పోయింది. నూటికి నూరు కాదు, గమనించండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేస్తాం, అప్పుడు ఇంకొందరికి పోతుంది. మాత్ర వైపు ఇలాంటి లెక్క చూపించండి, నేనే రాస్తాను.

రాత్రి_షిఫ్ట్:
ఊఁ. 56 అంటే నేను ఊహించిన దానికంటే తక్కువే, కానీ 21 కంటే ఎక్కువే. ఒప్పుకుంటున్నాను అనుకోకండి, ఆలోచిస్తున్నాను.

కృష్ణాతీరం:
అప్‌డేట్. గుంటూరులో చూపించాం. డాక్టరమ్మ కుడి వైపు పడుకోబెట్టగానే అమ్మ పక్కనున్న నర్సు చేయి రక్కేసింది, పాపం ఆ అమ్మాయి నవ్వుతూనే ఉందట. కుడి, పోస్టీరియర్ అన్నారు. అక్కడే ఎప్లీ చేశారు, ఒక వాంతి అయింది, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ పరీక్షిస్తే ఏమీ లేదు. కాలర్ తీసేయమన్నారు, ఎమ్మారై ఇప్పుడు అక్కర్లేదన్నారు. ఆ రాత్రి కుడి పక్కకి తిరిగి పడుకున్నానని అమ్మే ఫోన్ చేసి చెప్పింది. అందరికీ ధన్యవాదాలు.

నల్గొండ_బుల్లెట్:
సూపర్ అన్నా. నర్సమ్మకి ఒక స్వీట్ బాక్స్ బాకీ.

కృష్ణాతీరం:
సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. మళ్లీ మొదలైంది, ఈసారి వేరేగా. కుడికి తిరిగినా ఎడమకి తిరిగినా తిరుగుతోందట, ఇంతకుముందు కంటే గట్టిగా, ఎక్కువసేపు. లేస్తున్నప్పుడు మాత్రం అంతగా లేదు. నాన్నగారు మీరు రాసిన పద్ధతి కాగితం మీద రాసుకుని కోణమానిని పక్కన పెట్టుకుని కూర్చున్నారు, ఎప్లీ మళ్లీ చేసేస్తానంటున్నారు. ఆపాను. పక్షవాతం లక్షణాలు ఏమీ లేవు, అన్నీ అడిగాను. ఏమై ఉంటుంది?

చెవిముక్కుగొంతు:
ఆపడం మంచిదైంది. రెండు పక్కలకీ, పడుకుని దొర్లినప్పుడే ఎక్కువగా అంటే, రేణువులు వెనక గొట్టంలోంచి బయటకి వస్తూ దారి తప్పి పక్క గొట్టంలోకి, అంటే హారిజాంటల్ కెనాల్‌లోకి పోయి ఉండొచ్చు. ఎప్లీ తర్వాత కొద్దిమందికి ఇలా అవుతుంది, భయపడే విషయం కాదు, డాక్టరమ్మ తప్పు కూడా కాదు. కానీ ఇప్పుడు ఎప్లీ పనికిరాదు. మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లండి. ఈసారి పరీక్ష వేరు, వెల్లకిలా పడుకోబెట్టి తలని పూర్తిగా ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి తిప్పి చూస్తారు. రెండు వైపులా కళ్లు అడ్డంగా కొట్టుకుంటాయి. నేల వైపు కొట్టుకుంటే ఏ పక్క ఎక్కువో ఆ చెవి. కప్పు వైపు కొట్టుకుంటే లెక్క తిరగబడుతుంది, తక్కువగా ఉన్న పక్కే జబ్బు చెవి. కోణమానినితో తేలేది కాదిది, కళ్లు చూడాల్సిందే.

ఫిజియో_వరంగల్:
దీనికి చేసేదాన్ని బార్బెక్యూ రోల్ అంటారు, మాంసం ముక్కని నిప్పుల మీద తిప్పినట్టు మనిషిని పొడవాటి అక్షం మీద తిప్పడం కాబట్టి ఆ పేరు. వెల్లకిలా పడుకున్న మనిషిని మంచి చెవి వైపుకి 90 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ బోర్లా పడుకునేదాకా, అక్కడ్నుంచి ఇంకా ముందుకి తీసుకెళ్లడం, ప్రతి చోటా తిరుగుడు ఆగేదాకా ఉండటం. మన మంచాలు గోడకి ఆనించి ఉంటాయి కాబట్టి ఇంట్లో ఇది కష్టం, కింద చాప పరిస్తేనే చోటు సరిపోతుంది. ఇంకోటి గుఫోని అని ఉంది, ఇటలీ పద్ధతి, పెద్దవాళ్లకి అదే సుఖం. కూర్చున్న మనిషిని గబుక్కున మంచి చెవి పక్కకి పడుకోబెట్టి, కాస్త ఆగి, ముక్కు 45 డిగ్రీలు నేల వైపు తిప్పి, రెండు నిమిషాలు ఉంచి లేపడం. కళ్లు నేల వైపు కొట్టుకునే రకానికి ఇది. ఇంకో రకానికి పక్క మారుతుంది.

ఈ రెండూ కుదరని వాళ్లని ఒక రాత్రంతా మంచి చెవి కిందకి ఉండేలా పడుకోమంటారు, అది కూడా పనిచేస్తుంది, నేల వైపు రకానికి.

కృష్ణాతీరం:
వెళ్లొచ్చాం. మీరన్నట్టే కుడి, పక్క గొట్టం. గుఫోని చేశారు. తగ్గింది. ఇప్పుడు పక్కకి తిరిగితే గది తిరగడం లేదు కానీ నడుస్తుంటే తేలిపోతున్నట్టు, పడవలో ఉన్నట్టు ఉందంటుంది. ఇది మామూలేనా? ఇంకో ప్రశ్న, డాక్టరమ్మ విటమిన్ డీ పరీక్ష రాశారు, 14 వచ్చింది. క్యాల్షియం మాత్రలు కూడా రాశారు. రాళ్లు అసలు క్యాల్షియంవే అయినప్పుడు ఇంకా క్యాల్షియం మింగడం ఏంటని నాన్నగారు అడ్డం తిరిగారు.

నల్గొండ_బుల్లెట్:
మా మామ, మీ నాన్నగారు ఒకసారి మాట్లాడుకోవాలి.

చెవిముక్కుగొంతు:
తేలిపోతున్నట్టు ఉండటం మామూలే, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉంటుంది. దానికి మందు నడకే. మంచం మీద కూర్చోబెట్టి ఉంచితే ఇంకా ఆలస్యమవుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు తోడుగా వీధిలోకి తీసుకెళ్లండి.

క్యాల్షియం గురించి మాస్టారు గారికి ఇలా చెప్పండి. ఎముకలు గుల్లబారిన వాళ్లకీ, విటమిన్ డీ తక్కువ ఉన్నవాళ్లకీ ఇది ఎక్కువగా వస్తుంది, ఎక్కువ క్యాల్షియం తిన్నవాళ్లకి కాదు. కొరియాలో చేసిన పెద్ద పరిశోధన 2020లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. బీపీపీవీ తగ్గినవాళ్లలో విటమిన్ డీ 20 కంటే తక్కువ ఉన్నవాళ్లకి రోజుకి రెండుసార్లు 400 యూనిట్ల విటమిన్ డీ, 500 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్ ఏడాది పాటు ఇచ్చారు. ఇవ్వని వాళ్లతో పోలిస్తే మళ్లీ రావడం 24 శాతం తగ్గింది. అమ్మగారికి 14 కాబట్టి ఆ గుంపులోనే ఉన్నారు. మోతాదు మాత్రం మీ డాక్టరమ్మ చెప్పిందే వాడండి, కిడ్నీ రాళ్ల చరిత్ర ఉంటే ఆవిడకి చెప్పండి. ఐదేళ్లలో సగం మందికి దాకా ఇది మళ్లీ వస్తుంది కాబట్టి ఈ పని ఊరికే పోదు.

ఓహాయో_వదిన:
అందుకే మళ్లీ వచ్చినప్పుడు ఏ పక్కకి తిరిగితే వచ్చిందో, ఎంతసేపు ఉందో అప్పుడే రాసి పెట్టుకోండి. డాక్టర్ దగ్గరకి వెళ్లేసరికి కుడా ఎడమా అనేది ఎవరికీ గుర్తుండదు. వీలైతే తిరుగుతున్నప్పుడు ఫోన్‌తో కళ్లు దగ్గరగా వీడియో తీయండి, మా ఫిజియో అదే అడుగుతుంది.

చెవిముక్కుగొంతు:
ఇది నేను చెప్పాల్సింది, వదిన గారు చెప్పారు. వీడియో ఉంటే మాకు సగం పని అయిపోయినట్టే.

కొత్త_సభ్యుడు_కడప:
మొత్తం చదివాను, ఈరోజే చేరాను. మా నాయనమ్మకి 80 దాటాయి, ఇదే జబ్బని కడపలో ఈఎన్‌టీ చెప్పారు, ఎడమ చెవి, వెనక గొట్టం. కానీ ఆమెకి వీపు బాగా వంగిపోయింది, వెల్లకిలా పడుకుంటే తల పరుపుకే ఆనదు, దిండ్ల మీదే పడుకుంటుంది. ఎప్లీ చేయబోయి వదిలేశారు, బ్రాంట్ డారాఫ్ అని ఒక వ్యాయామం కాగితం ఇచ్చి పంపారు. అది పనిచేస్తుందా?

ఫిజియో_వరంగల్:
బ్రాంట్ డారాఫ్ 1980 నాటిది, కూర్చుని ఒక పక్కకి, మళ్లీ ఇంకో పక్కకి పడిపోతూ రోజూ చేసేది. ఎప్లీ, సెమాన్‌లతో పోలిస్తే దాని ఫలితం తక్కువ, రోజుల తరబడి తల తిరుగుడు భరించాలి, ఆ వయసు వాళ్లు మూడో రోజుకే మానేస్తారు. నాయనమ్మ గారికి సెమాన్ అడిగి చూడండి. దాంట్లో వెల్లకిలా పడుకోవాల్సిన అవసరం ఉండదు, మెడ వెనక్కి వాల్చక్కర్లేదు. ఎడమ చెవి కాబట్టి మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, తల కుడి వైపు 45 డిగ్రీలు తిప్పి, ఎడమ పక్కకి పడుకోబెట్టి ఒక నిమిషం ఆగి, తల కోణం మార్చకుండా ఒక్క ఊపులో కుడి పక్కకి తీసుకెళ్తారు, అప్పుడు ముక్కు కిందకి చూస్తుంది. ఆ ఊపు వేగంగా ఉండాలి, నెమ్మదిగా చేస్తే సెమాన్ పని చేయదు, కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు భుజాలు, ఒకరు నడుము. ఎముకలు గుల్లబారి ఉంటే ఆ ఊపుకి పక్కటెముకలు తట్టుకుంటాయా అన్నది డాక్టరు చూసి చెప్పాలి, ఇంట్లో మనవళ్లు చేసేది కాదు. బల్లనే వంచగలిగే టిల్ట్ టేబుల్ ఉన్న ఆసుపత్రి దొరికితే ఎప్లీనే చేయొచ్చు, మెడ వంచే బదులు బల్లని తల వైపు దించుతారు. తిరుపతి గానీ కర్నూలు గానీ వెళ్లే పనుంటే పెద్ద ఆసుపత్రుల్లో బయల్దేరే ముందే ఫోన్ చేసి టిల్ట్ టేబుల్ ఉందా అని అడగండి, బస్సులో అంత దూరం వంగిన వీపుతో ఆమెని తీసుకెళ్లాక లేదంటే బాగోదు.

కొత్త_సభ్యుడు_కడప:
అడుగుతాను అక్కా. మా చిన్నాన్న తిరుపతిలోనే ఉంటాడు, ముందు ఆయన్ని పంపి కనుక్కుంటాం.